ఇంక్ అయిపోలేదు, అయినా ప్రింటర్ ఆగిపోయింది: కాట్రిడ్జ్ మెసేజ్‌లతో నా 26 రోజులు

జూన్ 8, 2025, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. 12న స్కూల్స్ ఓపెన్. మా అమ్మాయి ఏడో తరగతికి వస్తోంది, సెలవుల్లో చెయ్యమని ఇచ్చిన ప్రాజెక్టు తెలంగాణ రాష్ట్ర చిహ్నాలు. పాలపిట్ట, జింక, జమ్మిచెట్టు, తంగేడు పువ్వు, నాలుగు బొమ్మలు కలర్‌లో తీసి చార్ట్ మీద అంటించి కింద రాయాలి. రాతంతా మే నెలలోనే అయిపోయింది, బొమ్మలే మిగిలాయి, ఇంట్లో ప్రింటర్ ఉందిగా అని చివరికి ఉంచుకున్నాం.

ప్రింటర్ 2022లో కొన్నది, ప్రింట్ స్కాన్ కాపీ మూడూ చేసే మామూలు ఇంక్‌జెట్, లోపల రెండే కాట్రిడ్జ్‌లు ఉంటాయి, ఒకటి నలుపు, ఇంకోటి మూడు రంగులు కలిసి ఉండేది. నేను ఇంట్లో ఎనిమిది, తొమ్మిది, పది వాళ్లకి మ్యాథ్స్ ట్యూషన్ చెప్తాను కాబట్టి వర్క్‌షీట్ల కోసం కొన్నాం, కంపెనీ పేరు రాయను, రాసినా ఉపయోగం లేదు, ఈ టైపు ప్రింటర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఏప్రిల్ మొదటివారంలో ట్యూషన్ ఆపేశాక రెండు నెలలు దాన్ని ముట్టుకోలేదు. హాల్లో కిటికీ పక్కనే ఉంటుంది, ఏప్రిల్ మే ఎండలు ఎలా ఉంటాయో హబ్సిగూడలో మా పై అంతస్తుకి వచ్చి చూస్తే తెలుస్తుంది.

ముందు "వెరీ లో ఆన్ ఇంక్" అని వచ్చింది, రెండు కాట్రిడ్జ్‌లకీ. అది మార్చి నుంచీ వస్తున్నదే, ఓకే కొట్టేసా. తంగేడు పువ్వు బ్రహ్మాండంగా వచ్చింది, పసుపు నిండుగా. తర్వాత పాలపిట్ట వచ్చింది, చూసి అమ్మాయి మొహం మాడిపోయింది. రెక్కల్లో నీలం ఉండాల్సిన చోటంతా లేత గులాబీ రంగు. జమ్మిచెట్టు ఆకులు పసుపుగా వచ్చాయి, ఎండిపోయిన చెట్టులాగా. నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ జవాబు అక్కడే ఉంది, ఆకుపచ్చ అంటే నీలం పసుపు కలవాలి, నీలం రావట్లేదు కాబట్టి పసుపు ఒక్కటే మిగిలింది. మూడు రంగుల్లో ఒక్కటే పోయింది, కాట్రిడ్జ్ మొత్తం కాదు. ఈ సంగతి నేను గమనించి ఉంటే మిగతా కథ వేరేగా ఉండేది.

నేను చేసింది ఏంటంటే కంప్యూటర్‌లో క్లీనింగ్ అని ఉంటుంది కదా అది నొక్కా. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ రెండు నిమిషాలు గరగరమని, చివర్లో ఒక రంగుల చారల పేజీ. మూడోసారికి గులాబీ కూడా పల్చబడింది. క్లీనింగ్ అంటే నాజిల్స్‌లోంచి, అంటే ఇంక్ బయటికొచ్చే సన్నటి రంధ్రాల్లోంచి, ఇంక్‌ని గట్టిగా బయటికి తోసెయ్యడమే అని నాకు తర్వాత తెలిసింది, అంటే ఉన్న కాస్త ఇంక్‌ని నేనే ఖర్చు పెట్టా. ఒకసారి చేసి తేడా కనపడకపోతే ఆగిపోవాలి, మహా అయితే రెండు.

మూడో క్లీనింగ్ తర్వాత ఆరెంజ్ లైట్ మొదలైంది, స్క్రీన్ మీద "కాట్రిడ్జ్ ప్రాబ్లమ్". ఇక నలుపు అక్షరాలు కూడా ప్రింట్ అవ్వట్లేదు. తియ్యడం పెట్టడం, తియ్యడం పెట్టడం, పదకొండున్నర దాకా అదే పని. అమ్మాయి సోఫాలోనే నిద్రపోయింది. నాకు కోపం కంటే బాధే ఎక్కువ వేసింది, బొమ్మలు నేను తీసిస్తానని నెలరోజుల నుంచి దానికి చెప్తున్నా మరి.

9వ తేదీ సోమవారం పొద్దున కస్టమర్ కేర్‌కి ఫోన్. 38 నిమిషాలు మ్యూజిక్ విన్నాక ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది. ఆమె చెప్పినవాటిలో రెండు నిజంగా పనికొచ్చేవి. మొదటిది, ప్రింటర్ ఆన్‌లో ఉండగానే వెనక పవర్ వైర్ పీకెయ్యాలి, గోడ ప్లగ్ కూడా తీసెయ్యాలి, ఒక నిమిషం ఆగి స్పైక్ బస్టర్‌లో కాకుండా నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాలి. మామూలుగా బటన్ నొక్కి ఆఫ్ చేసి ఆన్ చెయ్యడం, ఇలా పీకడం ఒకటి కాదంట. చేస్తే మెసేజ్ పోయింది! ఒక పేజీ ప్రింట్ అయింది, రెండో పేజీ సగంలో మళ్లీ వచ్చేసింది.

రెండోది ఇంకా మంచిది. ఏ కాట్రిడ్జ్‌కి జబ్బో తెలుసుకోవాలంటే ఒక్కోటి తీసి చూడమంది. ఇలాంటి ప్రింటర్లలో ఒక కాట్రిడ్జ్ పూర్తిగా తీసేసినా రెండోదానితో పని చేస్తుందంట, మూడేళ్లుగా వాడుతున్నా నాకు ఆ సంగతే తెలీదు. కలర్ తీసేసి మూత వేస్తే ఆరెంజ్ లైట్ ఆగిపోయి నలుపు చక్కగా ప్రింట్ అయింది. కలర్ పెట్టి నలుపు తీస్తే మళ్లీ ప్రాబ్లమ్. సో కలర్‌దే తప్పు అని ఆమె తేల్చేసింది, "కొత్తది వెయ్యండి మేడమ్, లేదంటే వారంటీ అయిపోయింది కాబట్టి టెక్నీషియన్ విజిట్‌కి 500 ప్లస్ ట్యాక్స్" అంది. కలర్ కాట్రిడ్జ్‌ది తప్పు కావచ్చు, అది కూర్చునే గూడుది కావచ్చు, ఈ రెండో మాట ఆమె చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాం. కలర్ 1,049, నలుపు 849, మొత్తం 1,898. నలుపు ఎందుకు అంటే అది కూడా వెరీ లో అంటోంది కదా, ఎలాగూ కొనాలి అన్నారు మా వారు. డెలివరీ 11 సాయంత్రం అని చూపించింది, 12 పొద్దున స్కూల్, సరిపోతుందిలే అనుకున్నాం.

మధ్యలో 10వ తేదీ మా మరిది వచ్చాడు, ఈసీఐఎల్ దగ్గర ఉంటారు వాళ్లు. వాళ్లదీ ఇదే మోడల్ ప్రింటర్, మదర్‌బోర్డు పోతే పక్కన పడేశారు. "వదినా, దాంట్లో కలర్ కాట్రిడ్జ్ సగం పైనే ఉంటుంది, కొత్తది వచ్చేదాకా వాడుకో" అని పాపం ఎండలో బండి మీద తెచ్చాడు. ఎంత సంతోషపడ్డానో. పెట్టగానే ఇంకో రకం మెసేజ్, ఇప్పటిదాకా చూడనిది, "ప్రొటెక్టెడ్ కాట్రిడ్జ్ ఇన్‌స్టాల్డ్". అంటే ఆ కాట్రిడ్జ్ వాళ్ల ప్రింటర్‌కి తాళం వేసుకుని ఉంది, ఇంకో ప్రింటర్‌లో పని చెయ్యదు. ప్రింటర్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడు కాట్రిడ్జ్ ప్రొటెక్షన్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, ఎవరం చదవం, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోతాం, అది ఆన్‌లో ఉంటే వేసిన ప్రతి కాట్రిడ్జ్ ఆ ప్రింటర్‌కే అంటుకుపోతుంది. తర్వాత ఆఫ్ చేసినా కొత్తగా వేసేవాటికే వర్తిస్తుంది, అప్పటికే తాళం పడినవి పడినట్టే. మరిది ముఖం చూడలేకపోయా. లోపల ఇంక్ ఉంది, మోడల్ అదే, డబ్బులు పెట్టి కొన్నది, కానీ ఎవరికీ ఇవ్వడానికి లేదు. నాకు ఇది చాలా అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. ఆ రోజే మా ప్రింటర్‌లో ఆ సెట్టింగ్ వెతికి ఆఫ్ చేశా. బ్రౌజర్‌లో ప్రింటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికుండే నంబరు) కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది, దాంట్లో సెట్టింగ్స్ లోపల ఉంది, వెతకడానికి పావుగంట పట్టింది.

ఇక్కడ ఒకటి గమనించాలి, నేను ఆ రోజు గమనించలేదు. మరిది కాట్రిడ్జ్ పెట్టినప్పుడు "ప్రొటెక్టెడ్" అని వచ్చిందంటే ప్రింటర్ దాని చిప్‌ని చదవగలిగింది అని అర్థం. "కాట్రిడ్జ్ ప్రాబ్లమ్" అంటే చాలాసార్లు చదవలేకపోయింది అని. అన్నీ ఆరెంజ్ లైటే, అన్నీ ఒకే గొడవలాగా కనిపిస్తాయి, కానీ ఒక్కో మెసేజ్ ఒక్కో సంగతి చెప్తోంది.

11 సాయంత్రం ఆరున్నరకి పార్సిల్ వచ్చింది. కలర్ డబ్బా విప్పా. కొత్త కాట్రిడ్జ్ మీద నాజిల్స్ కప్పుతూ ప్లాస్టిక్ టేప్ ఉంటుంది, చెవి పట్టుకుని లాగితే వచ్చేస్తుంది, దీనికి అసలు టేపే లేదు. వెనక రాగి చుక్కల మీద సన్నటి గీతలు. డబ్బా అంచు చూస్తే ఒకసారి ఊడదీసి మళ్లీ జిగురు పెట్టినట్టు ఉంది. అయినా ఆశ చావదు కదా, పెట్టేశా. "యూజ్డ్ ఆర్ కౌంటర్‌ఫీట్ కాట్రిడ్జ్ డిటెక్టెడ్". 1,049 రూపాయలు పెట్టి కొన్నది ఇంతకుముందే ఎవరో వాడినదని ప్రింటరే చెప్తోంది. ఓకే కొట్టి ముందుకెళ్దామంటే పది సెకన్లకి మళ్లీ పాత "కాట్రిడ్జ్ ప్రాబ్లమ్". చేతులు వణికాయి నాకు, నిజంగా. టైమ్ ఏడు.

చెప్పులేసుకుని పెన్‌డ్రైవ్ పట్టుకుని సందు చివర జిరాక్స్ షాపుకి వెళ్లా. నాలుగు కలర్ ప్రింట్లు, ఒక్కోటి పది రూపాయలు. నలభై రూపాయలు, ఆరు నిమిషాలు. పాలపిట్ట నీలంగా వచ్చింది. రాత్రి పదకొండింటికి చార్ట్ పూర్తయింది, అమ్మాయి పొద్దున సంతోషంగా పట్టుకెళ్లింది. దానికి ఆదివారం రాత్రే జిరాక్స్ షాపు తట్టింది, "అమ్మా బయట తీసుకుందాం" అని అప్పుడే అంది, నేనే వినలేదు. మీకు రేపటికి కావాల్సిన పేజీ ఉంటే ముందు అది బయట తీయించుకోండి, తర్వాత ప్రశాంతంగా ప్రింటర్ సంగతి చూసుకోండి. హడావిడిలో చేసిన ప్రతి పనికీ నాకు డబ్బులు పోయాయి.

12న రిటర్న్ పెట్టా, రెండు గంటల్లో రిజెక్ట్, తెరిచిన ఇంక్ కాట్రిడ్జ్‌లు వెనక్కి తీసుకోమని. దాని సంగతి తర్వాత చెప్తా. నలుపు డబ్బా మాత్రం అదృష్టం కొద్దీ ఇంకా తెరవలేదు.

13 అంతా దాని వంక చూడనే లేదు. 16 నుంచి ట్యూషన్ మొదలు, వర్క్‌షీట్లు కావాలి. కలర్ తీసేసి నలుపుతో లాగించొచ్చు కానీ అది కూడా ఎప్పుడు ఆగిపోతుందో అని భయం. పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, "సీటీసీకి (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపుల బిల్డింగ్) పట్టుకెళ్లమ్మా, ప్రింటర్ కూడా తీసుకెళ్లు, ఒట్టి కాట్రిడ్జ్ పట్టుకెళ్తే వాళ్లు మాత్రం ఏం చెప్తారు" అన్నారు. ఆ ఒక్క ముక్క, ప్రింటర్ కూడా అన్నది, నన్ను ఇంకో ట్రిప్పు నుంచి కాపాడింది.

14 శనివారం. ప్రింటర్ నాలుగు కిలోల లోపే ఉంటుంది, పెద్ద బిగ్ షాపర్ సంచిలో దుప్పటి చుట్టి పెట్టుకున్నా. కదిలించే ముందు కాట్రిడ్జ్‌లు బయటికి తీసి విడిగా పెట్టుకోవాలేమో అనుకున్నా, మా వారు వద్దన్నారు, బయట ఎక్కువసేపు ఉంటే నాజిల్స్ ఎండిపోతాయని, లోపలే ఉంచి అటూ ఇటూ వంచకుండా పట్టుకెళ్లాం. హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి అక్కడి నుంచి పార్క్‌లేన్ దాకా ఆటో. సీటీసీ అంటే తెలిసినవాళ్లకి తెలుసు, చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాను ఏదైనా అక్కడ దొరుకుతుంది, తెలియనివాళ్లకి మాత్రం ఏ షాపులోకి వెళ్లాలో అర్థం కాదు. మొదటి రెండు షాపులవాళ్లు ప్రింటర్ వంక చూడకుండానే "కొత్తది తీస్కోండి, ట్యాంక్ మోడల్, రిపేరుకి ఖర్చు దండగ" అన్నారు. మూడో చోట, చాలా చిన్న షాపు, ఒక కౌంటర్, ఒక స్టూలు, ముప్పై ఏళ్ల అబ్బాయి. ముందు ఇద్దరు ఉన్నారు, 50 నిమిషాలు నిలబడ్డాం.

అతను చేసింది పూస గుచ్చినట్టు చెప్తా, ఎందుకంటే ఇదే అసలు విషయం.

ముందు ప్రింటర్ ఆన్ చేసి మెసేజ్ చదివాడు, చదివి "ఎన్నిసార్లు తీసి పెట్టిన్రు అక్కా?" అన్నాడు. లెక్కలేదన్నా. కలర్ కాట్రిడ్జ్ తీసి వెనక రాగి చుక్కలు చూపించాడు, వాటి మీద సన్నగా నల్లటి పొర. తర్వాత ఫోన్ టార్చ్ వేసి ప్రింటర్ లోపల, కాట్రిడ్జ్ కూర్చునే గూట్లో ఆ చుక్కలకి తగిలే రాగి ముళ్లు చూపించాడు. వాటి మీద ఎండిపోయిన ఇంక్, గులాబీ రంగులో, స్పష్టంగా కనిపిస్తోంది. "కాట్రిడ్జ్ ఖరాబ్ కాలే అక్కా, కాంటాక్ట్ ఖరాబైంది. గిది గట్లనే ఉంటే మీరు ఎన్ని కొత్తవి ఏసినా గదే మెసేజ్ ఇస్తది" అన్నాడు. 1,049 పెట్టి కొన్నది అక్కడే సంచిలో ఉంది, నాకు నోట మాట రాలేదు.

కళ్లజోడు తుడిచే గుడ్డ లాంటిది, పోగులు ఊడనిది, దాని కొసకి డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు. తడి తెలియాలి కానీ నీళ్లు కారకూడదు. కాట్రిడ్జ్‌ని పక్కల్లో పట్టుకుని రాగి చుక్కల్ని నాజిల్స్ వైపు నుంచి దూరంగా తుడిచాడు, ఎందుకంటే నాజిల్స్ మీది ఇంక్ మళ్లీ చుక్కల మీదకి పాకకూడదు. నాజిల్స్ ముట్టుకోలేదు. లోపలి ముళ్లని అదే గుడ్డ ఇంకో శుభ్రమైన కొసతో మెల్లగా, కింద నుంచి పైకి, ఒత్తకుండా. అవి వంగితే అయిపోయినట్టే అన్నాడు. నాలుగుసార్లు గుడ్డ మార్చాడు, మొదటిది నల్లగా, చివరిది తెల్లగా. పది నిమిషాలు ఆరనిచ్చాడు, ఆలోపు ఇంకొకరి పని చూశాడు. తర్వాత పెడితే ప్రాబ్లమ్ మెసేజ్ రాలేదు. మూడుసార్లు తీసి పెట్టాడు, మూడుసార్లూ రాలేదు.

అది సగం. నీలం సంగతి మిగిలింది. టిష్యూ పేపర్ నాలుగు మడతలు పెట్టి గోరువెచ్చని నీళ్లతో తడిపి దాని మీద కాట్రిడ్జ్‌ని నాజిల్స్ కిందకి పెట్టి రెండు నిమిషాలు ఉంచాడు. ఎత్తితే టిష్యూ మీద మూడు రంగుల చారలు పక్కపక్కన పడాలంట, పసుపు నిండుగా ఉంది, గులాబీ పల్చగా ఉంది, నీలం ఉండాల్సిన చోట ఖాళీ. ఎంత తేలిక పరీక్ష ఇది, ఇంట్లోనే చేసుకోవచ్చు! మళ్లీ మూడు నిమిషాలు ఉంచితే వెంట్రుకంత నీలం గీత కనిపించింది. "బతికే ఉంది, కానీ ఎండింది, ఇంకు కూడా లేదు" అన్నాడు. పైన లేబుల్ తీస్తే చిన్న చిన్న రంధ్రాలు, లోపల స్పాంజి గదులు మూడు. టూత్‌పిక్ గుచ్చి ఏ గదిలో ఏ రంగో చూసుకుని ఒక్కోదాంట్లో సిరంజితో చాలా నిదానంగా ఎక్కించాడు, గబగబా పోస్తే పొంగి పక్క గదిలోకి పోయి రంగులు కలిసిపోతాయంట. రీఫిల్‌కి 250, కాంటాక్ట్ క్లీనింగ్‌కి 100. మొత్తం 350.

అక్కడే 450కి వేరే కంపెనీ వాళ్లు చేసిన కలర్ కాట్రిడ్జ్ కూడా ఉంది, కొత్తది. అది తీసుకోనా అని అడిగితే, అమ్ముకునేవాడే వద్దన్నాడు. వాటికి చిప్ వేరే ఉంటుంది, ప్రింటర్ ఇంటర్నెట్‌కి కలిసి ఉంటే ఏదో ఒక రోజు అప్‌డేట్ వస్తుంది, ఆ తర్వాత ఇది మాది కాదు అని ఆపేసే అవకాశం ఉంది. ఒరిజినల్ కాట్రిడ్జ్‌నే రీఫిల్ చేసుకుంటే చిప్ ఒరిజినల్‌దే కాబట్టి ఆ బాధ తక్కువ అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇంటికెళ్లి ఆన్ చెయ్యగానే మెసేజ్ వస్తుంది, కంగారు పడొద్దు అని.

నలుపు గురించి అడిగా, అది కూడా వెరీ లో అంటోంది, కొత్తది కొనేశాం, మార్చెయ్యనా అని. ఈ రకం కాట్రిడ్జ్‌లో ఇంక్ ఎంత ఉందో ప్రింటర్ కొలవదంట, ఎన్ని చుక్కలు వదిలిందో లెక్కపెట్టుకుని ఇంత మిగిలి ఉండొచ్చు అని అంచనా వేస్తుందంతే. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపించింది. మార్చి నుంచీ ఆ మెసేజ్ చూసి మార్చెయ్యాలి మార్చెయ్యాలి అనుకుంటున్నా. అక్షరాలు పల్చబడేదాకా వాడుకోండి, కొత్త డబ్బా తెరవకుండా దాచుకోండి అన్నాడు. డబ్బా మీద తేదీ చూస్తే ఇంకా రెండేళ్లు ఉంది.

ఇంటికొచ్చి సాయంత్రం ఆన్ చేశాం. వచ్చింది, "యూజ్డ్ ఆర్ కౌంటర్‌ఫీట్" అని. అతను ముందే చెప్పకపోయి ఉంటే మళ్లీ ఏడ్చేదాన్ని. ఓకే కొట్టా. కలర్ ఇంక్ గడి ఖాళీగా చూపిస్తోంది, నిండుగా పోయించుకొచ్చినా సరే, చిప్‌కి ఆ సంగతి తెలీదు కాబట్టి ఇక ఎప్పటికీ ఖాళీ అనే చూపిస్తుంది. మళ్లీ ఓకే. పాలపిట్ట ఫైల్ తెరిచి ప్రింట్ కొట్టా. పేజీ మెల్లగా బయటికొస్తుంటే ముందు తోక, తర్వాత రెక్క, నీలం! అమ్మాయి పరిగెత్తుకొచ్చి చూసింది. ప్రాజెక్టు ఇచ్చేసి రెండు రోజులైంది, ఆ బొమ్మ అవసరం లేదు, అయినా తీసుకెళ్లి దాని బీరువా తలుపుకి అంటించుకుంది.

17వ తేదీ మంగళవారం సాయంత్రం, ట్యూషన్‌కి పిల్లలు ఆరుగురు కూర్చుని ఉన్నారు, నాలుగో వర్క్‌షీట్ దగ్గర ఆరెంజ్ లైట్. కాట్రిడ్జ్ ప్రాబ్లమ్. గుండె ఒక్కసారి జారింది కానీ ఈసారి ఏం చెయ్యాలో తెలుసు. వైర్ పీకేశా. మా వారి కళ్లజోడు గుడ్డ, ఇన్వర్టర్ కోసం తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ ఇంట్లోనే ఉంది. కలర్‌ది వెనక తుడిస్తే గుడ్డ మీద నీలం మరక, రీఫిల్ చేసినప్పుడు కొంచెం కారి ఉంటుంది. లోపలి ముళ్లు కూడా. పదో తరగతి పిల్లాడు టార్చ్ పట్టుకున్నాడు. తుడిచింది రెండు నిమిషాలు, ఆరబెట్టింది పది. పెట్టగానే లైట్ ఆగిపోయింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఇప్పటిదాకా మళ్లీ ఆ మెసేజ్ రాలేదు.

ఇక రిఫండ్ సంగతి. 12న రిజెక్ట్ చేశారని చెప్పా కదా. 16న మళ్లీ పెట్టా, ఈసారి ఫొటోలతో. డబ్బా అంచు, టేప్ లేని నాజిల్స్, రాగి మీద గీతలు, ఇవన్నీ పంపితే "ఫొటోలు సరిపోవు" అన్నారు. తర్వాత ఆ కాట్రిడ్జ్‌ని బాగైన గూట్లో మళ్లీ పెట్టి, "యూజ్డ్" అని వచ్చిన స్క్రీన్‌ని పెట్టిన దగ్గర్నుంచి వీడియో తీశా, ప్రింటర్ స్టేటస్ పేజీ కూడా ప్రింట్ తీసి ఫొటో పంపా. అప్పుడు కదిలారు. డబ్బా విప్పేటప్పుడే వీడియో తీసి ఉంటే 12నే అయిపోయేది, అలా తియ్యాలని నాకు తట్టలేదు, మీరు మాత్రం తియ్యండి, ఇంక్ కాట్రిడ్జ్ అయినా సరే. 24న పికప్‌కి వచ్చారు, జులై 3న 1,049 అకౌంట్లో పడింది. చాట్‌లో నలుగురితో మాట్లాడా, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

నలుపు 849 ది డబ్బా సీల్‌తో బీరువాలో ఉంది. సీటీసీ ఖర్చు 350, మెట్రో ఆటోలు ఇద్దరికీ కలిపి 260, జిరాక్స్ 40. అంటే అసలు రోగానికి మందు 350, అందులో కూడా కాంటాక్ట్ తుడవడం నేనే చేసుకోగలిగేది.

ఇప్పుడు ప్రింటర్‌ని కిటికీ దగ్గర్నుంచి లోపలి గదిలోకి మార్చాం, ఎండ పడదు. రాత్రి దాన్ని బటన్‌తోనే ఆఫ్ చేస్తున్నాం, స్విచ్ బోర్డు దగ్గర కాదు, బటన్‌తో ఆపితేనే కాట్రిడ్జ్‌లు పక్కకి వెళ్లి మూత కింద కూర్చుంటాయి, నేరుగా కరెంట్ తీసేస్తే నాజిల్స్ గాలికి ఎండిపోతాయి. మూడేళ్లు నేను రోజూ స్విచ్ బోర్డు దగ్గరే ఆపాను. ప్రతి ఆదివారం ఒక కలర్ పేజీ తియ్యడం అమ్మాయి డ్యూటీ, తనకి నచ్చిన పక్షి ఏదో ఒకటి.

నలుపు ఇంకా వెరీ లో అనే అంటోంది. ఓకే కొడుతున్నా. మెసేజ్ వచ్చాక తీసిన వర్క్‌షీట్లు జూన్ 16 నుంచి లెక్క రాస్తున్నా, నిన్నటికి 43. అక్షరాలు ఇంకా నల్లగానే ఉన్నాయి.